కాఫీ మిషన్ పిడి

పోయిన నెల విరుదునగరులో మా మేనకోడలు కొత్తగా తెరిచిన కాఫీ అంగడికి వెళ్ళాను. తళతళలాడే మిషన్ ముందు నిలబడి ఆ పిల్ల పొడుగాటి పిడిని కిందికి లాగగానే, నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసి చేత్తో గడ్డం కప్పుకున్నాను. "ఏం బయం అత్తా?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

పెళ్ళికి ముందు రెండేళ్ళు నేను కోవిల్‌పట్టిలో మా పెద్దమ్మ కాఫీ అంగడిలో పనిచేశాను. మదురైలో మూతబడిన ఒక హోటలు నుంచి ఆవిడ తెచ్చిన అలాంటి మిషనే మాకు జీవనాధారం; శివకాశి ఫ్యాక్టరీ వ్యాన్లు ఎక్కేవాళ్ళు పొద్దున్నే దాని చుట్టూ మూగేవాళ్ళు. పిడిని లాగితే లోపలి స్ప్రింగు ముడుచుకునేది, వదిలితే ఆ స్ప్రింగే మెల్లగా సాగుతూ వేడినీళ్ళను కాఫీపొడిలోంచి నెట్టేది. వారానికొకసారి మిషన్ చల్లారాక విప్పి, పాత జిడ్డు తుడిచి, రబ్బరు వాషర్లకూ పిడి తిరిగే ఇరుసుకూ గ్రీజు పూయడం నా పని. విప్పేటప్పుడు ఆ స్ప్రింగు ఎక్కడ ఎగిరి మొహాన కొడుతుందోనని భయపడేదాన్ని. ఆ భయంతోనే ఒక వారం ఊరుకున్నాను, మరుసటి వారమూ అంతే.

"గ్రీజు పెడితివా పాపా?" అని పెద్దమ్మ అడిగితే, "పెడితి" అనేశాను.

మూడో రోజు పొద్దున, జనం నిండుగా ఉండగా, పెద్దమ్మ లాగుతున్న పిడి కీచుమని సగంలో పట్టేసింది. ఏమైందోనని ఆవిడ ముందుకు వంగి చెయ్యి సడలించిందో లేదో, అది ఒక్కసారిగా విడిపడి పైకి లేచి ఆవిడ దవడకు కొట్టింది. కొంగు ఎర్రబడుతుంటే ఆవిడ గోడ పట్టుకుని కూలబడింది. ఆసుపత్రిలో ఎముక విరిగిందని దవడలను తీగతో కట్టేశారు. చూడవచ్చిన వాళ్ళందరికీ చెయ్యి జారిందని సైగ చేసేది. ఆ కట్టు విప్పే రోజు ఆ నోటి నుంచి నా గురించి ఏ మాట వస్తుందోనని నేను తిండీ నిద్రా లేకుండా గడిపాను.

విప్పిన రోజు నేనే ముందు చెప్పేశాను. "పెట్టలేదు పెద్దమ్మా."

"ఆ పొద్దు పిడి అరిచినప్పుడే తెలుసు," అంది మెల్లగా. "బయమని నాతో చెప్పుండొచ్చు గదా."

మర్నాడు ఇద్దరం కలిసి మిషన్ విప్పాం. నా చేతి మీద తన చెయ్యి వేసి స్ప్రింగును అదిమి పట్టింది. ఆ చెయ్యి కూడా వణుకుతోందని అప్పుడే తెలిసింది నాకు. అటు తర్వాత ఒక్క వారం కూడా తప్పించలేదు. నా భయమూ ఏ వారమూ పోలేదు.

మేనకోడలి మిషన్‌కు ఆరునెలలకొకసారి మదురై నుంచి మెకానిక్ వచ్చి, గ్రీజు పెట్టి, కాగితం మీద సంతకం చేసి వెళ్తాడట. మంచిదే, పనితనం తెలిసినవాడు. కానీ పిడి పట్టుకునే పిల్ల మొహం అతనికి గుర్తుండదు. ఎవరి కోసం తన చెయ్యి వణకాలో అతనికి తెలియదు.