మద్దిలేటి నడుము నిలబెట్టిన సైకిలు

గద్వాలలో మద్దిలేటి ఉండే వీధివాళ్లు అతని సైకిలును చూడక్కర్లేదు, వింటే చాలు. గొలుసు మీది రేకు కవరు వీధి మొదట్లోనే గలగలమంటుంది. నల్ల సైకిలు. ముప్పై ఏళ్ల నాటిది. ఛాతీ దాకా లేచిన హ్యాండిలు, స్ప్రింగుల మీద ఊగే వెడల్పాటి తోలు సీటు. దాని మీద మద్దిలేటి కూర్చుంటే పెళ్లికొడుకు గుర్రమెక్కినట్టే ఉంటుందని భార్య ఈదమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

వెక్కిరిస్తే వెక్కిరించనీ. మద్దిలేటిది గుంట మగ్గం. పొద్దున్నే కాళ్లు గుంటలోకి దించాడంటే మధ్యాహ్నం రొట్టె తినడానికే పైకి తీస్తాడు. మళ్లీ సాయంత్రం దాకా వంగుడే. పదేళ్ల కింద నడుము పట్టేస్తే, దవాఖానలో డాక్టరు మగ్గం మానెయ్యమన్నాడు. మానేసి ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. మద్దిలేటే తన మందు తాను కనిపెట్టుకున్నాడు. అయిదు దాటగానే సైకిలెక్కి పక్కూరు జమ్మిచేడు దాకా నెమ్మదిగా పోయి నెమ్మదిగా వస్తాడు. అక్కడ పనేమీ ఉండదు. రోజంతా వంగిన నడుము ఆ ఒక్క గంట నిటారుగా కూర్చుంటుంది, అంతే. ఆ గంట వల్లే మర్నాడు మళ్లీ గుంటలోకి దిగగలుగుతున్నాడు. అందుకే దసరా నాడు పసుపు కుంకుమ ముందు సైకిలుకు, తర్వాతే మగ్గానికి. ఎవరేమనుకున్నా సరే.

అట్లాంటి మనిషి ఇంటికి, ఒక శనివారం సాయంత్రం, వారం సెలవు పెట్టి వినయ్ వచ్చి దిగాడు. తమ్ముడి కొడుకు. తమ్ముడు రాయచూరు మిల్లులో పనికి పోతూ పిల్లాణ్ణి అన్న దగ్గరే వదిలాడు. పిల్లల్లేని మద్దిలేటి, ఈదమ్మ వాణ్ణి పెంచారు, చదివించారు. ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. వచ్చింది బస్సులో కాదు. తెల్లారుజామున బయలుదేరి, దాదాపు రెండు వందల కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు!

ఆ సైకిలును చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. లక్షా ఎనభై వేలట. రెండు వేళ్లతో ఎత్తొచ్చు. ఈదమ్మ ఎత్తి చూసి, ఇది కంది కట్టె తీరుగ ఉందే అని నోరు తెరిచింది. క్యారియరు లేదు, స్టాండు లేదు, సీటైతే అరచేయంత. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది.

"ఇది నీకే పెద్దనాయినా. నేను బస్సుల పోత," అన్నాడు వినయ్. "నీ సైకిలు మీదనే కదా నేర్చుకున్న. గా తుప్పు బండి ఇంకెన్నేండ్లు తొక్కుతవు?"

 వినయ్ తను ప్రాణంగా చూసుకునే బండిని పెద్దనాయినకు ఇచ్చేస్తున్నాడు. అట్లాంటి కొడుక్కి వద్దని ఎట్లా చెప్పడం? మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్లకు ఒక మోటు సామెత ఉంది, ఇక్కడ చెప్పను. మస్తుంది కొడుకా అన్నాడు మద్దిలేటి. అని ఎక్కాడు. పాత బండిని తొక్కినంత బలంగా తొక్కేసరికి అది ఒక్క గెంతు గెంతి మోరీ అంచుకు పోయింది. ఎట్లానో నిలదొక్కుకున్నాడు. పట్టు కోసం వంగాడు. వంగినవాడు వంగినట్టే జమ్మిచేడు పోయి వచ్చాడు.

ఆదివారం అంతే, సోమవారం అంతే, మంగళవారం అంతే. వినయ్ వాకిట్లో నిలబడి మురిసిపోతూ పంపిస్తాడు. ఈయన పొద్దంతా మగ్గం మీద వంగి, సాయంత్రం రోడ్డు మీద వంగి, రాత్రి ఈదమ్మ చేత నడుముకు నూనె రాయించుకుంటాడు. వానికి చెప్తివా చూడు అని ఆమెకు ఒట్టు కూడా పెట్టాడు. ఇంత పిచ్చి ప్రేమ కూడా ఉంటుందా అంటే, ఉంటుంది.

బుధవారం పొద్దున కాళ్లు గుంటలోకి దించి, పోగును అటూ ఇటూ దాటించే నాడె అందుకోబోతే నడుము కలుక్కుమంది. లేవలేడు, కూర్చోలేడు. వినయ్ ఎత్తుకొచ్చి చాప మీద పడుకోబెట్టాడు.

మగ్గం మీద చీర ఉంది. ఒంటికి నూలు, అంచుకు పట్టు, రెండూ పోగుపోగుకూ ముడిపడే కుట్టు అంచు చీర. వనపర్తి టీచరమ్మ పద్మజ తన బిడ్డ పెళ్లికి చెప్పి నేయించుకుంటున్నది. సోమవారం పెళ్లి. శనివారం వచ్చి తీసుకుపోతానంది. ఇంకా మూడు మూరల నేత మిగిలి ఉంది. నలభై ఏళ్లలో మద్దిలేటి మాట తప్పింది లేదు. పక్క మగ్గం వాళ్లను పిలవచ్చు కదా అంటారేమో. నేతలో చెయ్యి మారితే బట్ట చెప్పేస్తుంది. పోగును దగ్గరికి కొట్టే పలక దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. చెయ్యి మారిన చోట అడ్డంగా ఒక గీత పడుతుంది. పెళ్లిచీరకు ఆ గీత కనబడితే ఇంకేముంది?

ఈ లోపల వినయ్ కోపంతో ఊగిపోతున్నాడు. తప్పంతా మగ్గానిదేనన్నాడు. ఎప్పుడో మానెయ్యమంటే విన్నారా అన్నాడు. ఈదమ్మ ఇక ఒట్టును గట్టు మీద పెట్టింది.

"మగ్గం కాదు బిడ్డా, నీ సైకిలు. గీన నడుము నిలవడేది గా తుప్పు బండి మీదనే. నువ్వు చిన్నబుచ్చుకుంటవని నాలుగొద్దులు వంగి తొక్కిండు."

 వినయ్ వాకిట్లోని ఆ లక్షా ఎనభై వేల బండినే చూశాడు. తర్వాత చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, పోయి గుంటలో కాళ్లు పెట్టాడు.

మద్దిలేటి చాప మీంచి వద్దని చెయ్యి ఊపాడు. వినయ్ వినలేదు. వాడికి నేత కొత్తేం కాదు. బడి రోజుల్లో పెద్దనాయిన పక్కనే కూర్చుని నేర్చాడు. కరోనా ఏడాది ఎనిమిది నెలలు ఇంట్లో ఉండి, ఆఫీసు పని అయ్యాక రోజూ నేశాడు. కానీ అది నాలుగేళ్ల కిందటి మాట. ఈదమ్మ ఎప్పటిలాగే పక్కన కూర్చుని తన వైపు అంచు నాడె అందుకుంది.

పడుకున్న మద్దిలేటికి మగ్గం కనబడదు, వినబడుతుంది. మొదటి దెబ్బ మెత్తగా పడింది. రెండోది మరీ గట్టిగా. చాప మీంచే కేకేసి బెత్తెడు నేత విప్పించాడు. "జర నిమ్మలంగ కొట్టు. పోగును బెదిరియ్యకు," అన్నాడు. మళ్లీ మొదలైంది. మధ్యాహ్నం దాటేసరికి దెబ్బ కుదిరింది. అదెంత కుదిరిందంటే, గురువారం పొద్దున కునుకు పట్టిన మద్దిలేటి ఆ చప్పుడుకు లేచి, తనే నేస్తున్నాననుకుని కాళ్లు కదిపాడు.

శుక్రవారం సాయంత్రం చివరి పోగు పడింది. గుంటలోంచి పైకి వచ్చిన వినయ్ మాత్రం సగానికి మడిచిన చాకులా ఉన్నాడు. గోడ పట్టుకున్నా నడుము లేవలేదు. మద్దిలేటికి నవ్వొచ్చింది, జాలేసింది.

"పో, నా బండి తీస్కపో. జమ్మిచేడు దాక పోయి రా. ఉరకకు."

గంట తర్వాత వీధి మొదట్లో గలగల వినబడింది. వినయ్ నిటారుగా కూర్చుని వచ్చాడు. సైకిలుకు స్టాండు వేసి, ఆ తోలు సీటును అరచేత్తో తుడిచాడు. లోపలికొచ్చి చాప పక్కన కూర్చుని, పెద్దనాయిన కాళ్లు ఒళ్లోకి తీసుకుని పిసకడం మొదలుపెట్టాడు. తన సైకిలు తనే తీసుకుపోతానన్నాడు.

"నీ బండి చెడ్డదని కాదు కొడుకా," అన్నాడు మద్దిలేటి. "ఆఫీసుల కుర్చీల కూసునేటోనికి గట్లాంటిదే ఉండాలె. నీది ఉరికేతందుకు, నాది కూసునేతందుకు. నువ్వు ఇస్తనన్నవు చూడు, గదే నాకు చాలు."

శనివారం పొద్దున పద్మజ టీచరమ్మ వచ్చింది. చీరను గడప దగ్గర వెలుతురులో పరిచారు. మద్దిలేటి వినయ్ భుజం పట్టుకుని లేచి వచ్చి, నడుము వంచకుండా చీర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.  అరచేయి చీర మీద పెట్టి, ఆ కొస నుంచి ఈ కొసకు జరుపుకుంటూ వచ్చాడు. గీత కోసం వెతుకుతున్నాడు. తన చెయ్యి ఎక్కడ ఆగిందో, వాడి చెయ్యి ఎక్కడ మొదలైందో అని. దొరకలేదు. మళ్లీ వెనక్కి జరిపాడు. దొరకలేదు. వినయ్‌ను చూశాడు. వాడూ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మద్దిలేటి కళ్లు నిండాయి.

టీచరమ్మకు ఇదంతా ఏం తెలుసు? ఎంత బాగుందో అని మురిసిపోయి, మీకు నడుము బాగాలేదని ఈదమ్మ చెప్పిందే, మరి ఎవరు నేశారు అని అడిగింది.

"నా చేతులే నేసినయి టీచరమ్మా," అన్నాడు మద్దిలేటి. "రెండు గీడ ఉంటయి. రెండు హైదరాబాద్‌ల ఉంటయి."