ముందు ఆకు తాగనీ

నిన్న కుంభారిలోని మా ఇంటి నుంచి అమ్మను స్కూటీ మీద తీసుకెళ్లి, మేమున్న పాత రైల్వే క్వార్టర్లు చూపించాను. పైకప్పులు లేవు, పట్టాలు లేవు. తుమ్మచెట్ల మధ్య రాతి గోడలు మాత్రం మిగిలాయి.

అక్కడ నాతో ఆడుకున్న దోస్తులారా, నీళ్ల బండి గుర్తుందా? ఆ ఎండు నేలలో బావి తవ్వినా నీళ్లు పడలేదు. చిన్న రైలు వెనక ట్యాంకరు వస్తేనే మనకు నీళ్లు. కూత వినబడగానే బిందెలతో ఉరికేవాళ్లం. నాన్నది పట్టాల పని, అమ్మది బీడీల పని. తెచ్చిన నీళ్లు ముందు తునికాకు తడపడానికే. తడపని ఆకు కత్తెర పెట్టగానే పెళపెళా విరిగేది. "జర ఆగు బిడ్డా, ముందు ఆకు తాగనీ" అనేది అమ్మ. ఇక్కడ నా నాలుక పిడచకట్టుకుపోయేది!

లైను మూసేసి ఖాళీ చేయమన్న రోజు క్వార్టర్లన్నీ ఏడ్చాయి. అమ్మ మాత్రం బిందె బోర్లించి "పీడ పోయింది" అంది. నాకప్పుడు కోపమొచ్చింది.

నిన్న దూరంగా కొత్త లైను మీద రైలు కూసింది. అమ్మ చెయ్యి బిందె ఎత్తుకున్నట్టే నడుము మీదికి పోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. నేనిచ్చిన సీసా నీళ్లు ఆఖరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని అంది: "పా బిడ్డా, ఇంట్ల నల్లా వచ్చే యాళ్లయింది."