ముందు పాట పెద్దమ్మది, మా పెట్టెలు వంత

పెద్దమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను మార్కాపురంలో ఒక కల్యాణ మండపం ముందు నిచ్చెన మీద ఉన్నాను. చేతిలో సీరియల్ లైట్ల సెట్టు, నోట్లో టేపు ముక్క. వెంటనే దిగలేదు. ఆ వరస కట్టడం పూర్తి చేసే దిగాను. దిగితే ఏడుస్తానని తెలుసు. కింద నిలబడి తొందరపెడుతున్న పెళ్లివాళ్ల ముందు ఏడవడం నాకు ఇష్టం లేదు.

కొనకనమిట్ల దాటి మా ఊరు చేరేసరికి ఫ్లెక్సీ కట్టేశారు. ‘ప్రభువునందు నిద్రించిరి’ అని వేయించారు. వాళ్ల భక్తిని నేను కాదనను. కానీ మా అమ్మకు అక్క అయిన ఈ పెద్దమ్మ నిద్రలో పోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, గాలి కోసం కొట్లాడి పోయింది. మీలో చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లుంటే, ఆ పలకను నున్నగా రుద్దినవాళ్లలో ఇట్లాంటి ఆడవాళ్లు ఎందరో ఉన్నారని తెలుసుకోండి. వయసులో ఉన్నన్నాళ్లూ పలకల కార్ఖానాలో ఆ రాతి దుమ్మే పీల్చింది. ముక్కుకు కట్టుకోవడానికి ఆమెకు దొరికింది కొంగు ఒక్కటే. చూపించుకున్న చోటల్లా ఆయాసం అని రాసి మాత్రలిచ్చారు. ఆ ఆయాసం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగినవాడు లేడు. ఈ కోపం నాకు తగ్గదు. తగ్గించుకోను కూడా.

ఏ వస్తువు ముట్టుకున్నా ముందు ఉఫ్ అని ఊదడం ఆమెకు అలవాటు. పాటల పుస్తకాన్ని, కుర్చీని, చివరికి ఖాళీ టీ గ్లాసును కూడా ఊదేది. ఊపిరి చాలని మనిషి, ఉన్న కాస్త ఊపిరినీ దుమ్ము మీద ఖర్చు పెట్టేది. వద్దంటే వినేది కాదు.

అయినా మా చర్చిలో ముందు పాట ఆమెదే. ఆమె చరణం ఎత్తుకుంటే సంఘమంతా వంత అందుకునేది. ఆయాసం ముదిరాక, చరణానికీ చరణానికీ మధ్య ఆగి, పక్కనున్నవాళ్ల భుజం మీద చేయి వేసి గాలి తీసుకునేది. సంఘం కూడా ఆగేది. అట్లా ఆగమని ఎవరూ చెప్పలేదు. తొందరపడేవాళ్లకు ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. “బిరాన పోవాల్సినోళ్లు పొండి. మేము పాడుకుంటా వస్తాం.”

నేను ఏ కాలేజీకీ పోలేదు. ఫోనులో వీడియోలు చూసి, సామాను కాల్చుకుని ఈ పని నేర్చుకున్నాను. ఒక క్రిస్మస్‌కు చర్చి మీది నక్షత్రం, ముందు గోడ, రోడ్డు పక్క స్తంభాలు, మూడూ పాటతో కలిసి వెలగాలని పంతం పట్టాను. మూడింటికీ మూడు కంట్రోలర్ పెట్టెలు. రికార్డు పాటను కంప్యూటర్లో పెట్టుకుని, తాళానికి తగ్గట్టు ప్రోగ్రాం చేసి మెమరీ కార్డుల్లోకి ఎక్కించాను. రికార్డుతో వేస్తే బ్రహ్మాండంగా ఉంది. సంఘం పాడేసరికి నా పరువు పోయింది. పెద్దమ్మ గాలి తీసుకుంటుంటే లైట్లు తర్వాతి చరణంలో ఎగురుతున్నాయి. పాట సగంలో ఉండగానే నక్షత్రం తన పని ముగించి ఆరిపోయింది. దానికి ఇంటికాడ ఏం పనుందో అని వెనక ఎవరో అన్నారు. చర్చంతా నవ్వింది.

సంఘ పెద్ద అక్కడికక్కడే తేల్చేశాడు. రికార్డు పాటే వేద్దామన్నాడు. అందరూ కూర్చుని చూడొచ్చు, ముసలామెకూ విశ్రాంతి అన్నాడు. పెద్దమ్మకు కూలికి పోయే శక్తి పోయింది, నాలుగడుగులు గట్టిగా వేసే శక్తి పోయింది. ఆమెకు మిగిలింది ఆ పాట ఒక్కటే. దాన్ని కూడా నా లైట్ల పేరు చెప్పి లాక్కుంటున్నారు.

మర్నాడు నేను పెట్టెలు విప్పుకుని కూర్చుంటే వచ్చి గడప మీద కూలబడింది. ఏది ఏందో చెప్పమంది. ఇది మాస్టర్, మిగతా రెండూ స్లేవ్ అన్నాను. అంటే ఏందని అడిగింది. యజమాని, బానిస అని చెప్పాను.

“పెట్టెల్లో గూడా బానిసలేందిరా? మన తాతల కాడికి సాలదా? ఆ పేర్లు తీసెయ్.”

“ఏం పెట్టమంటావు పెద్దమ్మా?”

“ముందు పాట, వంత. అవి చేసేది అదే గదా.”

నవ్వుకుంటూ టేపు అంటించి పేర్లు రాశాను. ఆమె మాస్టర్ పెట్టెను ఉఫ్ అని ఊది, నేను రాసిన పేరు మీద వేలు పెట్టింది.

“ముందు పాడేది నేను గదరా. ఇది ముందు పాట ఎట్లయితాది? నీ పెట్టెలన్నీ వంతే.”

అన్ని వీడియోలు చూసినా నాకు తట్టనిది అదే. ప్రోగ్రామును చరణాల వారీగా ముక్కలు చేశాను. ఒక ముక్క అయిపోగానే లైట్లు ఆగాలి. స్విచ్ నొక్కితేనే తర్వాతి ముక్క మొదలవ్వాలి. మూడు పెట్టెలకూ కలిపి ఒక కాలింగ్ బెల్ స్విచ్ బిగించి, వైరు ఆమె కూర్చునే చోటికి లాగాను. ఆగినప్పుడు లైట్లు ఆరిపోయేట్టు పెట్టాను, అందంగా ఉంటుందని. తిట్లు తిన్నాను. “నేను గాలి తీసుకుంటే చీకటి చేస్తావా? ఇంకా సావలేదురా.” ఆగినంతసేపూ తెల్లగా, కదలకుండా వెలిగేట్టు మార్చాను. ఆ పండక్కి ఆమె ఎత్తుకుంటే లైట్లు ఎత్తుకున్నాయి. ఆమె ఆగితే ఆగాయి. అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కూ మా ఊళ్లో ఇదే పద్ధతి.

ఈ క్రిస్మస్‌కు ఆమె లేదు. సంఘ పెద్ద మళ్లీ రికార్డు మాట తెచ్చాడు. ఆమె లేనప్పుడు ఇంక ఆగేది ఎవరికోసమని అడిగాడు. రికార్డు వేస్తే లైట్లు విప్పుకుని పోతానన్నాను.

“బెదిరిస్తున్నావేంది?”

“అవును మామా, బెదిరిస్తున్నా.”

మేము ఇట్లా అరుచుకుంటుంటే పెద్దమ్మ కోడలు, మా వదిన, లేచి పోయి అత్త కుర్చీలో కూర్చుని స్విచ్ చేతిలోకి తీసుకుంది. అంతటితో వాదన అయిపోయింది.

పొద్దు గుంకే వేళకు ప్రాక్టీసు మొదలైంది. వదిన కార్ఖానా ముఖం చూడలేదు. పోనివ్వనని పెద్దమ్మే అడ్డం పడింది. గొంతు ఖంగుమంటుంది, ఆపకుండా పాటంతా పాడగలదు. మొదటి చరణం అయింది. వదిన ఆగింది. ఆమెతో పాటు అందరూ ఆగారు. ఆడవాళ్ల వరసలన్నీ ఒక్కసారిగా గాలి తీసుకున్న చప్పుడు బయట పెట్టెల దగ్గరున్న నాకు వినపడింది.

రోడ్డు మీద గొర్రెలు తోలుకుపోతున్న ఒక మామ స్తంభాల కింద నిలబడ్డాడు. లైట్లు కదలకపోతే చెడిపోయాయి అనుకున్నట్టున్నాడు.

“ఏమైందిరా, నిలిచిపోయినాయి?”

“ఏం కాలేదు మామా. ఊపిరి తీసుకుంటా ఉండారు.”

ఆయన కర్ర భుజాన పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. లోపల వదిన రెండో చరణం ఎత్తుకుంది. గొర్రెల వీపుల మీద రంగులు పరుగెత్తాయి.