శామ్యూల్ సార్ తెచ్చిన సముద్రం

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. నాతోపాటు పనిచేసే సైన్సు మాస్టారు శామ్యూల్‌ను మొహమ్మీదే ఆ మాటన్నాను. అనక ఏం చెయ్యను? రెండువేల మూడో సంవత్సరం, కరువు. తాడిమర్రి దగ్గర మా హైస్కూలు ఉన్న ఊళ్లో ట్యాంకరు వస్తే ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్నారు. ఈయనేమో నెల్లూరు దాకా పోయి, క్యాన్లలో సముద్రపు నీళ్లు, వాటిలో నక్షత్రచేపలు, చిన్న ఎండ్రకాయలు రైల్లో మోసుకొచ్చాడు.

"తాగడానికే గతి లేదు, ఈ ఊరికి సముద్రమెందుకు సార్?" అన్నాను.

"బొమ్మ చూపిచ్చి ఎన్నాళ్లని మోసం చేద్దాం టీచర్? చేత్తో పట్టుకుంటేనే చదువు" అన్నాడు.

ఆయనదీ ఈ నేలే. ధర్మవరంలో వాళ్లమ్మ కూలికి పోయి చదివించింది. బి.ఇడి. చేసేటప్పుడు మొదటిసారి సముద్రం చూసి, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఏడ్చాడట. అప్పట్నుంచీ అదే పిచ్చి. వానలు పడ్డ ఏడాది పిల్లల్ని కుంటల వెంట, వంకల వెంట తిప్పేవాడు. కరువులో అవీ ఎండిపోయాయి.

గాజుతొట్టిని సైన్సు గదిలో పెట్టాడు. పెనుకొండలో జరిగే సైన్సు ప్రదర్శనకు మా పిల్లలే దాన్ని తీసుకుపోయి, సముద్రం చూడని ఊళ్ల పిల్లలకు వాళ్లే వివరించాలి. అప్పటిదాకా ఆ ప్రాణులు బతకాలి. ఉలిగమ్మ అనే తొమ్మిదో తరగతి పిల్లయితే తొట్టి వదిలి కదిలేది కాదు. ఎండ్రకాయ వేలు పట్టుకున్నా కిసుక్కున నవ్వేది. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

ఇంతలో సారుకు హిందూపురంలో శిక్షణ పడింది. పోతూ పోతూ పిల్లలతో, "ఎండకు నీళ్లు ఇగిరిపోతాండాయి, కనిపెట్టుకోండి. నీళ్లు లేకుంటే ఇవి బతకవు" అన్నాడు. అంతే అన్నాడు.

ఆయన తిరిగొచ్చేసరికి, సగానికి ఉండే తొట్టి అంచుదాకా నిండి ఉంది. నక్షత్రచేపలు మెత్తబడి అడుగున పడున్నాయి. ఎండ్రకాయల్లో ఒక్కటి మాత్రం ఇంకా కాలు కదుపుతోంది. పిల్లలు ఎవరింటి నుంచి వాళ్లు చెంబులతో తెచ్చి పోశారు. తన్నుకుని పట్టుకున్న ట్యాంకరు నీళ్లు! ఉప్పునీటి ప్రాణిని మంచినీళ్లు చంపుతాయని ఈ నేల మీద పుట్టిన పిల్లలకు ఎట్లా తోస్తుంది? సారు చెప్పేదాకా నాకే తెలియదు.

"ఏమైనాయి సార్?" అని చుట్టూ చేరారు పిల్లలు.

"ఎండదెబ్బ" అన్నాడు సారు, ఎవరి మొహమూ చూడకుండా. పోనీలే, మంచి పని చేశాడు అనుకున్నాను.

ఉలిగమ్మ నమ్మలేదు. ఎవరు చెప్పినా నమ్మొద్దు, చూసి నమ్మమని నేర్పిందీ ఆయనే మరి. తొట్టిలో వేలు ముంచి నాలుక్కి రాసుకుంది.

"ముందటంత ఉప్పు లేవు సార్. మేం పోసిన నీళ్లకేనా చచ్చిపోయినాయి?"

రెండోసారి అబద్ధం ఆయన నోట రాలేదు. "అవునమ్మా. తప్పు నాది. ఏం నీళ్లు పోయాల్నో నేను చెప్పలేదు" అన్నాడు.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"మా అవ్వ జ్వరంతో పండుకోనుండాది సార్. గొంతెండిపోతాందే అని అడిగితే, నీళ్లు లేవని చెప్పి ఈడికి తెచ్చి పోసినా. అవ్వకన్నా ఇచ్చింటే బాగుండు" అంది.