ఇల్లు కోసేసిన నరసింగరావు

నరసింగరావుకి పిచ్చి ముదిరి, పెళ్లాం ఊళ్లో లేని సమయం చూసి సొంత ఇంటిని నిలువునా కోసేశాడని మా గెడ్డవీధిలో పుట్టిన పుకారు, ఇప్పటికి వారపు సంత దాటి పొరుగూళ్లకి కూడా పాకింది. గోడలో లంకెబిందెలు దొరికాయని ఒకరు. వాస్తు సిద్ధాంతి కోయమన్నాడని ఇంకొకరు. పాలకేంద్రం దగ్గర తాయారైతే కళ్లారా చూసినట్టే చెప్పింది: "ఇంటికి సుగరొచ్చినాదట. కాలు తీసేసినట్టు ఓ పక్క గది తీసేసినారు."

ఇల్లు కోశాడన్న మాట నిజం. పిచ్చి ముదిరిందన్నది అబద్ధం. ముదరడానికి ఇంక చోటెక్కడుంది? అది ఏనాడో నిండా ముదిరి, ఇప్పుడు పండి నిగనిగలాడుతోంది.

ఆ పిచ్చి పేరు లిమిట్స్. నరసింగరావు ఎక్కడ కాలు పెట్టినా ముందు అడిగే మాట ఒకటే: "ఇది ఏటి లిమిట్సు?" పెళ్లికి వెళ్లినా అదే, పరామర్శకి వెళ్లినా అదే. మంగలి షాపులో కుర్చీ ఎక్కబోతూ కూడా అదే.

తప్పంతా ఆయనది కాదు. ఆయన చేసేది ఇళ్ల కాంట్రాక్టు. అదే ఇటుక, అదే సిమెంటు, అదే మేస్త్రి. కానీ మా ఊరి వాగు, అదే మా గెడ్డకి ఇవతల మున్సిపాలిటీ, అవతల పంచాయితీ. ఇవతల ఇంటి పక్కన మీటరు జాగా ఖాళీ వదలమంటారు, అవతల అంత పట్టింపు లేదు. ఇవతల వీధి వెడల్పు చూసి ఇంటి ఎత్తు చెబుతారు, అవతల లెక్క ఇంకోటి. సముద్రం పక్కన ఒక రూలు, రైలుపట్టాల పక్కన మరో రూలు. ఒకచోట భేషన్న ప్లానునే గెడ్డ దాటించి చూపిస్తే అడ్డంగా కొట్టేస్తారు. మిగతా కాంట్రాక్టర్లు ఈ రూల్సు ఇళ్లకి వాడి, సాయంత్రానికి చేతులు కడుక్కుని మరిచిపోతారు. నరసింగరావు కడుక్కోలేదు.

ఆయన ఇంట్లో మంచం గదికి నట్టనడుమ ఉండేది. నాలుగు పక్కలా ఖాళీ వదలాలి కదా! ఆ మంచంకోడు తగిలి తగిలి భార్య చిన్నతల్లి మోకాళ్లు రెండూ కమిలిపోయాయి. విస్తట్లో అన్నం కూడా నడుమే ఉండాలి. పప్పు జారి కూరని తాకిందా, "ఆక్రమణ!" అని కేక పెట్టేవాడు.

ఒకరోజు చిన్నతల్లి నాలుగు గిన్నెల క్యారియర్ కట్టి చేతికిచ్చింది. ఆయన దాన్ని ఎత్తి, కిందినుంచి పైకి చూశాడు.

"ఇంత ఎత్తేటే? ఇయ్యాల పని పంచాయితీలో. జీ ప్లస్ టూ, మూడంతస్తులు దాటకూడదు."

"నాలుగో గిన్నెలో సేపల పులుసున్నాది."

నరసింగరావు క్యారియర్ మళ్లీ కింద పెట్టాడు. పాపం, రూలు ఒక పక్క, పులుసు ఒక పక్క.

"అయితే పులుసు అన్నిటికన్నా కిందకి దించు. సెల్లారు కింద రాసుకుందాం. సెల్లారు అంతస్తుల్లోకి రాదు."

ఎస్.కోటలో పెళ్లికని ఇద్దరూ కొత్తవలస స్టేషనుకి వెళ్లిన రోజు మరీ ఘోరం. కిరండోల్ పాసింజరు వచ్చే వేళయింది. ప్లాట్‌ఫారం మీద చిన్నతల్లి ఒక్కతే ఉంది. మొగుడెక్కడా అని చూస్తే, సైకిల్ స్టాండు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇటు రావయ్యా! బండొచ్చేస్తంది!"

"పట్టాలకి ఇంత దగ్గర్లో ఏదీ ఉండకూడదే!"

"అది ఇళ్లకయ్యా!"

"మనిషి మాత్రం ఏటి? కాళ్లు పునాది, తలకాయ కప్పు!"

"మరి ఈ స్టేషను ఎలగ కట్టినారు?"

"అది ఆళ్ల లిమిట్సు!"

బండి వచ్చింది, ఆగింది, చిన్నతల్లిని ఎక్కించుకుని వెళ్లిపోయింది. నరసింగరావు సైకిల్ స్టాండు దగ్గర నుంచే మర్యాదగా చెయ్యి ఊపాడు. పెళ్లిలో మొగుడి వంతు గారెలు కూడా తానే తిని చిన్నతల్లి కసి తీర్చుకుంది.

ఆవిడ తమ్ముడు ధనరాజ్ ఒకసారి బావగారిని సరదాగా కళింగపట్నం తీసుకెళ్లాడు. ఇసకలో పెద్ద గొడుగు పాతి, చాప పరిచి, వేపిన చేపలు తీశాడు. బావగారు కూర్చోలేదు.

"సముద్రానికి ఇంత దగ్గర్లో కట్టడం కుదరదురా."

"కట్టడమేటి బావా? ఇది గొడుగు."

"కర్ర పాతినావు గదా. పాతితే పునాదే."

ఆ గొడుగు పీకించి, చాప చుట్టించి, మండుటెండలో అందరినీ ఊరి రోడ్డు దాకా నడిపించాడు. చివరికి ఎండుచేపలు ఆరబోసిన చోటు పక్కన కూర్చుని తిన్నారు. ఆ చేపలకి కాపలా ఉన్న ముసలమ్మ కాకుల్ని తోలుతూ మధ్యమధ్యలో వీళ్లని కూడా కర్రతో అదిలించింది.

ఇంతటి మనిషి తన ఇంటికి మాత్రం ఊరుకుంటాడా? ఇల్లు గెడ్డకి అవతలే, పంచాయితీలోనే. అయినా పట్నం రూలు ప్రకారమే పక్కన కచ్చితంగా మీటరు వదిలి కట్టాడు. "ఈ లిమిట్సు ఉండవు. రేపో మాపో ఊరు గెడ్డ దాటుతాది" అనేవాడు. వీధంతా నవ్వింది. ఊరు నిజంగానే గెడ్డ దాటింది. పంచాయితీని మున్సిపాలిటీలో కలిపేశారు. రాత్రి పల్లెలో పడుకున్న ఇళ్లన్నీ తెల్లారేసరికి పట్నంలో లేచాయి.

ఆ దెబ్బ తిన్నది పక్కింటి రూబీ. ఆసుపత్రిలో నర్సు. వాళ్లమ్మ అన్నమ్మ, తానూ ఇద్దరే. పాత పెంకుటిల్లు ఉరుస్తోందని పడగొట్టి, పంచాయితీ రోజుల్లో నోటిమాట మీద పునాది వేసేసింది. కాగితం చేతికొచ్చేలోపే లిమిట్స్ మారాయి. గోడలు లేచాయి, స్లాబు పడలేదు. తల్లీకూతుళ్లు పరదాపట్టా కింద వండుకుంటున్నారు. నెత్తి మీదకి వానాకాలం వచ్చేస్తోంది.

టౌన్‌ప్లానింగ్ నుంచి తిరుమలరావనే కుర్రాడు వచ్చాడు. మెత్తని మనిషి. గోడ పక్క సందులోకి తొంగి చూసి, "పక్కన మీటరు ఉండాలమ్మా. స్లాబు ఆపాలి" అన్నాడు. వీధిలో ఆడవాళ్లంతా చుట్టూ మూగారు.

"పంచాయితీ నాటి పునాది బాబూ!"

"ముసిలామె వానకి తడుస్తాది బాబూ!"

కుర్రాడు కరిగాడు. "సరే, కంటికి ఒకటిన్నర అడుగు ఉన్నట్టుంది. అలాగే రాసుకుని మా సార్‌ని అడిగి చూస్తాను" అని కలం తీశాడు.

అప్పుడు జనంలోంచి కర్రున టేపు లాగిన చప్పుడు. నరసింగరావు సందులో వంగి కొలుస్తున్నాడు.

"ఒకటిన్నర కాదు బాబూ. పదకొండంగుళాలే."

రూబీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏటి బాబాయ్ ఇది?"

"కొలత కొలతే అమ్మా."

కుర్రాడు ఇంకేం చేస్తాడు? అందరి ముందూ కొలిచాక పదకొండనే రాసుకున్నాడు. పని ఆగిపోయింది. చిన్నతల్లికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గంటలో సంచీ సర్దేసింది.

"పొందూరు అక్క దగ్గరకి పోతన్నాను. ఆ గుంట ముఖం నానెలగ సూసేది? నువ్వూ నీ టేపూ కాపురం సేసుకోండి."

"మళ్లీ ఎప్పుడొస్తావే?"

"పొందూరు ఏటి లిమిట్సో కనుక్కుని సెప్తాను!"

పొందూరులో ఆవిడ ఫోను ఎత్తలేదు. మొగుడు చేసినా ఎత్తలేదు. చివరికి తాయారే ఆ అక్క నంబరుకి చేసింది.

"ఓలమ్మా చిన్నతల్లీ, బేగి రాయే! మీ ఆయన గోడలు కూలగొడతన్నాడు!"

"ఎవలివి?"

"మీయే!"

తాయారు మాట నమ్మబుద్ధి కాక చిన్నతల్లి ఇంకో పదిహేను రోజులు అక్కడే ఉండిపోయింది. ఆవిడ వచ్చిన ఆటో వీధి మొదట్లోనే ఆగింది. సంచీ పట్టుకుని గబగబా నడిచి, సొంత ఇల్లు దాటి, వీధి చివరిదాకా వెళ్లిపోయింది. ఎక్కడా తన ఇల్లు కనబడలేదు. వెనక్కి తిరిగి ఒక్కో గుమ్మమూ చూసుకుంటూ వస్తే, తను పెయింటుతో వేసిన ముగ్గు గుమ్మం ముందు కనబడి ఆగింది. ఇల్లు అదే. జ్వరం పడి లేచిన మనిషిలా చిక్కిపోయింది. రూబీ వైపున్న రేకుల గది సగమే మిగిలింది. కొత్త గోడ ఇంకా తడి ఆరలేదు. పాత ప్రహరీ జాడే లేదు. లోపల మంచం అటు గోడకీ ఇటు గోడకీ మధ్య సీసాకి బిరడా బిగించినట్టు ఇరుక్కుంది. దాని మీద నరసింగరావు హాయిగా గురక పెడుతున్నాడు.

లేపి తిట్టబోతుంటే రూబీ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"తిట్టకు పిన్నీ! ముందు మా ఇంటికి రా."

అక్కడ స్లాబు పడింది. సెంట్రింగు కర్రల మధ్యకి కుర్చీ లాక్కుని అన్నమ్మ కూర్చుంది, ఎవరెన్ని చెప్పినా బయటికి రానంటోంది. బయట సన్నగా తొలకరి మొదలైంది.

"ఎలగ పడింది స్లాబు?" అంది చిన్నతల్లి.

"నువ్వెల్లిన మర్నాడే బాబాయ్ ఆ టౌన్‌ప్లానింగ్ ఆఫీసుకి ఎల్లాడు పిన్నీ. నా జాగాలో ముక్క ఈ పిల్లకి రాసిస్తే దాని పక్క మీటరు అవుద్దా అని అడిగాడు. అవుతుందండీ, గాని అప్పుడు మీ ఇంటికి తక్కువవుతుంది గదా అన్నారు ఆ తిరుమలరావుగారు. అయితే నా ఇల్లు కోసేత్తాను అన్నాడట. ఆయన ముందు మంచినీళ్లు తెప్పించి తాగమన్నారు. ఇంతవరకూ రూలు తగ్గించమని అడిగినోల్లే గాని, ఇల్లు తగ్గిస్తానన్నోన్ని నేను సూడలేదు అన్నారు."

"మరి ఆ రోజు అందరి ముందూ పదకొండంగుళాలని ఎందుకన్నాడు? నోరు మూసుకోవచ్చు గదా!"

"నేనూ అదే అడిగాను. ఆ తిరుమలరావుగారు జాలిపడి ఒకటిన్నరని రాస్తే, ఇచ్చే ముక్క ఆ మేరకి తగ్గిపోయేది. రేపు ఇంకో ఆఫీసరు టేపు పట్టుకొస్తే? జాలి మీద నిలబడ్డ గోడ ఎన్నాళ్లుంటాది అన్నాడు. రిజిస్ట్రేషను కూడా అయిపోయింది పిన్నీ. సగం గది పోయింది మీకు. నేను తీసుకోనంటే, కావాలంటే నా గోడ మళ్లీ కట్టుకుంటాను, నీ నెత్తి మీద గొడుగు ఎంతకాలం పట్టుకుంటావు అని కసిరాడు."

చిన్నతల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. అది వాన నీరేనని అన్నమ్మకి చెప్పింది కూడా. అన్నమ్మ పైకి చూసి, కొత్త స్లాబు అప్పుడే కారుతోందేమోనని కంగారుపడింది.

ఇంటికొచ్చేసరికి నరసింగరావు లేచి, మంచం మీంచి దిగే దారి లేక కాళ్ల వైపు నుంచి పాకుతున్నాడు. చిన్నతల్లి స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. గ్లాసు చేతికిస్తూ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నాకో మాట సెప్పి కొయ్యొచ్చు గదా ఇల్లు?"

"ఫోనెత్తినావేటి?"

"అది సరే. ఇప్పుడు నిజం సెప్పు. తప్పించుకోకు. నువ్వు ఇంత పని సేసింది రూలు కోసమా, ఆ తల్లీకూతుళ్ల మీద జాలితోనా?"

నరసింగరావు టీ ఊదుకున్నాడు. పాతగోడ పోయిన వైపు తిరిగి, కొత్తగా కనబడుతున్న రూబీ వంటింటి కిటికీని చూశాడు. గొంతు తగ్గించాడు.

"నీకు ఆదివారం అరసవల్లి సూరీడు సామి వారం. ఇంట్లో నీసు ముట్టవు, నన్ను ముట్టనివ్వవు. ఆళ్లు చర్చి నుంచి వచ్చి కోడి వండుతారు. ఆ వంటింటి కిటికీ మన ఏపే ఉన్నాది. ఆ కూర గాలి మన దాకా రావాలంటే, మజ్జిన మీటరు జాగా ఉండొద్దేటే?"