మూడు పూటల మందు

మునగపాక సింహాచలం డాక్టరేమీ కాదు. అనకాపల్లిలో ఒక డాక్టరు దగ్గర పదకొండేళ్ళు కాంపౌండరుగా చేసి, చెయ్యి తిరిగాక ఊరికొచ్చి వీధిగదిలో బల్ల వేసుకున్నాడు. అయినా ఊరందరికీ అతను డాట్రుబాబే. ఆ పిలుపు వినగానే మొహం చేటంత అయ్యేది.

అతని వైద్యం చూడ్డానికి భలేగా ఉండేది. చెరకు కొట్టే రోజుల్లో కత్తి తగిలినవాళ్ళు, ఆకు గీసుకుపోయినవాళ్ళు పొద్దున్నే వీధిగది ముందు వరస కట్టేవారు. ముందు గాయం మీద పెరాక్సైడు పోసేవాడు. అది బుసబుస పొంగేది. "సూసేవా, పురుగులెలా సత్తన్నాయో!" అనేవాడు. తర్వాత గొట్టం మాత్ర ఊడదీసి, అందులోని పొడిని గాయం మీద విభూతిలా చల్లేవాడు. ఆ పొడి కడుపులోకి వెళ్ళాలే గాని పుండు మీద చల్లేది కాదని అతనికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. చల్లకపోతే జనానికి మందు వేసినట్టే ఉండదు, అదీ సంగతి. జనం మెచ్చిందే వైద్యమని సర్దుకుపోయాడు మహానుభావుడు.

ఇక మింగడానికి మూడు పూటలకే ఇచ్చేవాడు. అయిదు రోజులు మింగమంటే ఎవడు మింగుతాడని అతని ధీమా. ఆ మూడు పూటలవి కూడా కొందరు పూర్తిగా మింగేవారు కాదు. జ్వరం దిగగానే మిగిలింది వంటింటి డబ్బాలోకి వెళ్ళేది. పక్కింట్లో ఎవరికి చెయ్యి వాచినా, గొంతు నొప్పి పుట్టినా అందులోంచే తీసిచ్చేవారు. సింహాచలం ఇంట్లోనూ ఒక పాలపొడి డబ్బా ఉండేది. దాని పెత్తనమంతా భార్య చిన్నమ్మలుదే. "డబ్బాలో నాలుగు బిళ్ళలుంటే ధైర్యంగుంటాది" అనేది.

రెండువేల నాలుగు మాఘమాసంలో ఆమె కొట్టేసిన చెరకు చేలో నడుస్తూ మోడు మీద కాలేసింది. ఏటవాలుగా నరికిన మోడు అరికాల్లో దిగబడింది. సింహాచలం మామూలుగానే పెరాక్సైడు పోశాడు, పొడి చల్లాడు, మూడు పూటల మాత్రలిచ్చాడు. నాలుగోనాటికి పైచర్మం కలిసింది. వారానికి పాదం పొంగిపోయింది. మందు మార్చాడు. రెండ్రోజులు చూసి మళ్ళీ మార్చాడు. అనకాపల్లి తీసుకెళ్ళమని అందరూ చెప్పారు. పెళ్ళాం కాలు బాగుచేసుకోలేనివాడి దగ్గరికి రేపు ఊరు వస్తుందా అని అతని బాధ. ఆ పాడు పంతంతో ఇరవై రోజులు గడిపి, కాలివేళ్ళు నల్లబడ్డాక ఆటో పిలిచాడు.

ఆసుపత్రిలో చీము తీసి పరీక్షకు పంపారు. మూడోరోజు ల్యాబులో పనిచేసే ధనశ్రీ అనే అమ్మాయి అతన్ని పిలిచి మూత ఉన్న చిన్న పళ్ళెం చూపించింది. ఆ చీములోని క్రిములను అందులో పెంచారు. మధ్యమధ్యలో ఒక్కోదానికి ఒక్కో మందు పట్టించిన ఎనిమిది కాగితపు బిళ్ళలున్నాయి.

"మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీగా ఉంటుందండి. చూడండి" అంది.

ఎనిమిదింటిలో ఏడింటిని ఆనుకుని క్రిములు దర్జాగా పెరిగాయి. ఆ అమ్మాయి ఒక్కో మందు పేరూ చదువుతుంటే అతనికి తన బల్ల మీది డబ్బాలు వరసగా గుర్తొచ్చాయి. ఎనిమిదోదాని చుట్టూ మాత్రం కాస్త ఖాళీ ఉంది.

"సగం సగం మందులు ఏళ్ళ తరబడి వాడితే ఇలా మొండికేస్తాయండి. ఎవరిచ్చారు?"

"మా ఊళ్ళో ఒక డాట్రండి" అన్నాడు సింహాచలం. ఆ మాటకు అతను సిగ్గుపడడం అదే మొదటిసారి.

చిన్నమ్మలు కాలు మోకాలి కిందనుంచి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు సర్జను ఆ ఎనిమిదో మందు బిళ్ళలిచ్చి, "మీకు మిగిలింది ఇదొక్కటే. పద్నాలుగు రోజులు రెండు పూటలా వేసుకోవాలి. తగ్గిందని మానేస్తే ఇదీ పనిచేయదు. తర్వాత నా దగ్గరికొచ్చినా ఇవ్వడానికేమీ ఉండదు" అన్నాడు.

సింహాచలం మారాడు. గాయాలను సబ్బునీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, అయిదు రోజులు మింగుతానంటేనే మాత్రలిచ్చేవాడు. చేతికి కత్తి తగిలి వచ్చిన అప్పలరమణ, "పొడి సల్లవేటి మావా? అత్త కాలు పోనాదని మా మీద కసేటి?" అని విసురుగా లేచిపోయాడు. వరస పక్క సందులో కొత్తగా బల్ల వేసుకున్నవాడి వైపు మళ్ళింది. పోతే పోనీ అనుకున్నాడు సింహాచలం. పొద్దునా సాయంత్రం భార్యను "బిళ్ళ ఏసుకున్నావా?" అని అడిగేవాడు. "ఆఁ" అనేది చిన్నమ్మలు. ఇప్పుడతనికి ఆ ఒక్క మాటే కావాలి.

పదోరోజు కట్టు విప్పితే గుడ్డకు పచ్చగా తడి అంటింది. వాసన తెలిసిన వాసనే.

"బిళ్ళలేవి?"

చిన్నమ్మలు కాస్త తటపటాయించి పాలపొడి డబ్బా చూపించింది. అందులో నాలుగే ఉన్నాయి.

"ఆరోరోజుకే పుండు ఆరిపోనాది. ఇంకా మింగడం దండగని దాసేను. అప్పలరమణ సెయ్యి సీము పట్టిందని ఆడి పెళ్ళాం వచ్చి ఏడిసింది. గొంతు నొప్పని అప్పలనర్సమ్మ వచ్చింది, ఇంకో ఇద్దరొచ్చేరు. నువ్వేమో ఎవులికీ ఇయ్యనంటన్నావు. ఊరోళ్ళు నీ మొకం సూడ్డం మానేత్తే ఎలగ?"

ఆమెను తిట్టే మొహం సింహాచలానికి లేదు. డబ్బా పట్టుకుని అలాగే మంచం కోడు దగ్గర కూలబడ్డాడు. అతను కోప్పడుతున్నాడేమోనని చిన్నమ్మలు భుజం మీద చెయ్యి వేసింది.

"ఇన్నేళ్ళు నీ పక్కనుండి ఆ మాత్రం నేర్సుకోనేదేటి? తప్పుగా ఇయ్యనేదు. ఒక్కోలికీ మూడు పూటలకే ఇచ్చేను."