రెండో సీసా చిన్నప్పన్

చిన్నప్పన్‌కు ఏ వస్తువైనా ఒక్కటిగా ఉంటే చేతులు ఊరుకోవు. దాన్ని రెండు సీసాల్లో పోయాలి, మూతుల మీద లక్క కరిగించి సీలు వేయాలి, ఎదుటివాళ్ల చేత సంతకం పెట్టించాలి. ఆ తర్వాత వేలెత్తి, "రెండోది అడుగు. అడగకపోతే రెండోది లేదు" అనాలి. ధర్మపురిలో నీళ్ల కాలుష్యం చూసే ఆఫీసులో అతను అటెండరు. మిల్లులు బయటికి వదిలే నీళ్లను సీసాల్లో పట్టడం అతని ఉద్యోగం. ఆఫీసు పనిని సాయంత్రం ఆఫీసులోనే వదిలి రావాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఒకనాడు సాంబారులో ఉప్పెక్కువైందని అతనన్నాడు, కాలేదని భార్య సరసు అన్నది. ఇంకో ఇంట్లో అయితే గిన్నె ఎగిరి వాకిట్లో పడేది. చిన్నప్పన్ లేచి రెండు సీసాలు కడుక్కొచ్చాడు.

"ఇది నాది, ఇది నీది. నా మాట నమ్మకపోతే రెండోది మీ అమ్మకు పంపి రుచి చూడమను. ఇక్కడ సంతకం పెట్టు."

"సాంబారుకు సంతకమా! మా నాయన నిన్ను చూసొచ్చిన రోజు రెండోవాణ్ణి అడిగుంటే నా బతుకు బాగుండేది!"

పక్కింటి రంగమ్మాళ్ ఆర్నెల్లు అతనితో మాట్లాడకపోవడానికి కారణం లడ్డు. ఆమె కొడుకు పెళ్లిలో మనిషికొక లడ్డు చొప్పున లెక్కపెట్టి చేయించింది. చిన్నప్పన్ పంక్తి వెంబడి వంగి వంగి నడుస్తూ, ప్రతి ఆకు దగ్గరా, "రెండోది అడగండప్పా! మీరు అడిగితేనే పెడతారు" అని చెవిలో ఊదాడు. మూడో పంక్తికల్లా లడ్డు గంప బోర్లించారు. మగపెళ్లివాళ్ల పరువు కాపాడడానికి రంగమ్మాళ్ బెల్లం ముక్కలు పెట్టాల్సి వచ్చింది.

"నీ నాలుక మీద లక్క పొయ్య!" అని ఆమె గరిటె ఎత్తుకుని మండపం చుట్టూ అతన్ని తరిమిన సంగతి మా వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ రంగమ్మాళ్‌కు నల్లంపల్లి దారిలో చిన్న సగ్గుబియ్యం మిల్లు ఉంది. మొగుడు పోయినాక పన్నెండేళ్లుగా తనే నడుపుతోంది. కర్రపెండలం రుబ్బి, పిండి తేర్చి, మిగిలిన నీళ్లు కాలువలోకి వదలాలి. అందుకు సర్కారు అనుమతి కావాలి. ఎనభై ఏడు మార్చితో ఆ అనుమతి తీరిపోతుందనగా, కింది పొలం మాదేశన్ తన బావి కంపు కొడుతోందని అర్జీ పెట్టాడు. నీళ్లు పట్టి పరీక్ష చేస్తారట. తప్పితే మిల్లుకు తాళం.

రంగమ్మాళ్ వాళ్లు చెప్పినట్టే మూడు గుంతలు తవ్వించింది, సున్నం కలిపించింది, నీళ్లు తేరినాకే వదులుతోంది. అయినా రోజుకు రెండుసార్లు కాలువ దగ్గరికి పోయి నీళ్లు వాసన చూసొచ్చేది. ఆ మిల్లును నమ్ముకుని అంజలై, ధనం మొదలుకొని ఇరవై మంది ఆడవాళ్లున్నారు.

జీపు వచ్చింది. ఇంజినీరు దిగుతూనే చిన్నప్పన్ వైపు వేలు చూపాడు.

"ఈమె మీ వీధి మనిషే గదా? ఇవాళ నోరు తెరిచినావంటే మెమో ఇస్తాను."

చిన్నప్పన్ పెదవులు బిగించాడు. కాలువ గట్టున గొంతుక్కూర్చుని రెండు సీసాలూ నింపాడు. రంగమ్మాళ్ అతని మొహంలోకి చూసింది. పలకరింపు లేదు, వెటకారం లేదు. ఎప్పుడూ వాగేవాడు మూగవాడైతే చూసేవాళ్లకు గుండె జారుతుంది. తన మిల్లు పని అయిపోయిందనే అనుకుంది.

ఇంజినీరు కాగితం ముందుకు తోశాడు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఒక సీసా మా ల్యాబుకు పోతుంది. రెండోది వేరే ల్యాబుకు పంపాలా అని అడిగినారు ఇందులో. అందరూ వద్దనే పెడతారు. త్వరగా కానీ, హరూర్ పోవాలి మేము."

రంగమ్మాళ్ చదివింది మూడో తరగతి. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. పెన్ను "వద్దు" దగ్గరికి పోయింది. అప్పుడు చిన్నప్పన్ చేతిలో కరుగుతున్న లక్క చుక్క అతని బొటనవేలి మీదే పడింది. చర్మం చుర్రుమంది. అబ్బా అని కూడా అనలేదు మనిషి. కళ్లు మాత్రం ఇంతలేసి చేసుకుని రెండో సీసానే చూస్తున్నాడు.

రంగమ్మాళ్‌కు లడ్డు గంప కళ్ల ముందు బోర్లాపడింది.

"రెండోది కావాలి!" అని అరిచింది. గట్టు మీది కొంగలు లేచిపోయాయి. "నాకు రెండోది కావాలి సామీ. పంపాల్సిందే!"

ఇంజినీరు గిర్రున తిరిగాడు. "ఎవరు నేర్పినారు నీకు?"

"ఒకరు నేర్పేదేముంది? మా వీధిలో పాలు తాగే బిడ్డనడిగినా చెబుతుంది."

చిన్నప్పన్ తల వంచుకుని సీలు వేశాడు. వేలు బొబ్బెక్కింది.

ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు అతను వీధిలో కనబడలేదు. సెలవు పెట్టాడని తెలిసి రంగమ్మాళ్ మండిపోయింది.

"నాకు ఇంత కష్టమొస్తే వీడు ఊరు తిరిగేదానికి పోయినాడా?"

"ఎవరైనా రెండో సీసా అడిగితే చాలక్కా, ఇట్లే మాయమైపోతాడు" అని సరసు ముక్కు చీదింది. "ఐస్ కొని, రంపపు పొట్టు కొని, మద్రాసు బస్సెక్కుతాడు. అక్కడ ఎవతి కాపురం పెట్టుందో!"

పది రోజులకు మొదటి సీసా ఫలితం వచ్చింది. నీళ్లలో పులుపు హద్దు దాటిందట. మిల్లుకు తాళం వేశారు. వాకిట్లో పోసిన పెండలం నల్లబడసాగింది. అంజలై పొద్దున్నే వచ్చి గేటు దగ్గర కూర్చునేది.

"అక్కా, రేపు రావాలా వద్దా?"

"రా. వచ్చి నాతో కూర్చో" అనేది రంగమ్మాళ్.

తాళం పడిన ఆరో రోజు రెండో సీసా కాగితం వచ్చింది. అన్నీ హద్దులోనే ఉన్నాయి! ఇంజినీరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని గడ్డం గోక్కున్నాడు. మళ్లీ నీళ్లు పట్టించి, దగ్గరుండి పరీక్ష చేయించాడు. హద్దులోనే. తాళం తీశారు, అనుమతి ఇచ్చారు. మాదేశన్ బావిలోకి ఊరుతున్నది అతని సొంత పేడగుంతేనని అదే వారం తేలింది.

"ఒకే కాలువ నీళ్లు గదా, రెండు మాటలెట్లా వచ్చినాయి?" అని రంగమ్మాళ్ చిన్నప్పన్‌ను నిలదీసింది.

"గంజినీళ్లక్కా అవి. ఎండలో పెడితే పులవవా? మొదటి సీసా జీపులో హరూర్, పళ్లిపట్టి అన్నీ తిరిగి రెండు రోజులకు ల్యాబు చేరింది."

"మరి రెండోది?"

చిన్నప్పన్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు. జవాబు అరుగు మీది అన్నామలై చెప్పాడు. అతను మద్రాసు బస్సు కండక్టరు.

"నన్నడుగక్కా. సీసా ఉన్న ఐస్ పెట్టెను మద్రాసు ల్యాబుకు ఇచ్చేదాకా బిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, కింద పెట్టమన్నా పెట్టడే. అది కరిగి పంచె మొత్తం తడిసిపోయింది. పక్కనున్న ముసలమ్మ, 'ఏం నాయనా, బస్సు ఆపమని అడగరాదా' అనింది! ఎవరి రెండో సీసా అయినా ఇంతే, సొంత సెలవు, సొంత టిక్కెట్టు."

సరసు నోటికి కొంగడ్డం పెట్టుకుంది. మద్రాసులో కాపురం ఎవరితోనో ఆమెకు అప్పుడు తెలిసింది.

మర్నాడు రంగమ్మాళ్ లడ్లు చేసి, పళ్లెంలో ఒక్కటి పెట్టుకుని పక్కింటికి పోయింది. చిన్నప్పన్ కళ్లకద్దుకుని తిన్నాడు. వేళ్లు తుడుచుకున్నాడు.

"ఏమప్పా, రెండోది అడగవా?"

చిన్నప్పన్ పళ్లెం తుడిచి ఆమెకు తిరిగి ఇవ్వబోయాడు.

"ఆయనకు అడిగేదానికి రాదక్కా" అంది లోపలినుంచి సరసు. "నీ కొడుకు పెళ్లిలో పంక్తికంతా నేర్పించి, తను బెల్లం ముక్క తినొచ్చినాడు."

రంగమ్మాళ్ కొంగు కింద మూత పెట్టిన గిన్నె ఉంది. దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"అడిగితేనే పెడతాను. అడుగు."

చిన్నప్పన్ అటూ ఇటూ చూశాడు. మెమో ఇచ్చేవాళ్లెవరూ లేరు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి, చీమకు కూడా వినబడనంత మెల్లగా, "రెండోది..." అన్నాడు.

రంగమ్మాళ్ గిన్నె మొత్తం పళ్లెంలో కుమ్మరించింది.

"సీలు వేయకుండా తినమనక్కా!" అని సరసు కేక పెట్టింది. అప్పటికే అతను లక్క కోసం లేవబోతున్నాడు.